మన హోటళ్లలో మన వంట ఎందుకు కనిపించదు? వలస, కులం, కూలి కలిసి రాసిన మెనూ

శ్రీకాకుళం ఏడు రోడ్ల కూడలి నుంచి డే అండ్ నైట్ జంక్షన్ వైపు సాయంత్రం పూట నడిస్తే బోర్డుల మీద కనిపించే పేర్లు చాలా వరకు బయటి ఊళ్లవే. హైదరాబాద్ దమ్ బిర్యానీ, రాయలసీమ నాటుకోడి, మలబార్ పరోటా, చైనీస్ నూడుల్స్, మండీ. విజయనగరం గంటస్తంభం చుట్టుపక్కల చూసినా ఇదే వరస. ఎండు నెత్తళ్లు వేసిన వంకాయ పులుసు, ఆవపెట్టిన పనసపొట్టు కూర ఇక్కడి ఇళ్లలో తరతరాలుగా వండుకుంటున్నవే. వాటిని హోటల్లో తినాలంటే వెతుక్కోవాలి. వేసవిలో రోడ్డు పక్క బండి మీద దొరికే చోడి (రాగి) అంబలి ఈమధ్య హోటల్లోకి కూడా ఎక్కింది. అక్కడ దాని పేరు మిల్లెట్ డ్రింక్, ధర అయిదారు రెట్లు.

దీని మీద వాదన రెండు వైపులా గట్టిగానే నడుస్తోంది. జనం అడగని వంటను హోటల్ ఎందుకు వండుతుందని ఒకరంటారు. మా తిండిని ఇన్నాళ్లూ చిన్నచూపు చూసి ఇప్పుడు అదే తిండిని అమ్ముకుంటున్నారని ఇంకొకరంటారు. ఎవరి మాట ఎంతవరకు నిలుస్తుందో తేలాలంటే ముందు మూడు సంగతులు తెలియాలి: ఇక్కడి నుంచి ఎవరు వెళ్లారు, ఇక్కడికి ఎవరు వచ్చారు, ఎవరి చేతి వంట ఎవరు తిన్నారు.

వలసలో రకాలు, న్యాయంలో ప్రశ్నలు

వలస అనే ఒక్క మాట కింద వేర్వేరు ప్రయాణాలున్నాయి. సీజన్‌కు వెళ్లి వచ్చేది ఒకటి. ఎచ్చెర్ల తీరం మత్స్యకారులు గుజరాత్‌లోని వెరావల్ బోట్ల మీద పనికి వెళ్లి వేసవికి ఇల్లు చేరతారు. మెట్ట ఊళ్ల కూలీలు కోతలయ్యాక హైదరాబాద్, చెన్నైల్లో బిల్డింగు పనులకు పోతారు. కుటుంబంతో సహా విశాఖలోనో హైదరాబాద్‌లోనో స్థిరపడిపోవడం ఇంకో రకం. ఒకప్పుడు కూలికి బర్మా వెళ్లినవాళ్లు వచ్చినట్టు అన్నీ వదులుకుని తిరిగి రావడం మరో రకం. వీటికి తోడు ఒడిశా, బెంగాల్, నేపాల్ నుంచి మన ఊళ్లకు వచ్చే వంట మాస్టర్లు ఉన్నారు.

సామాజిక న్యాయం అంటే పెద్ద మాటలా వినిపిస్తుంది. హోటల్ గుమ్మం దగ్గర మాత్రం అది మామూలు ప్రశ్నలుగా విడిపోతుంది. ఈ బల్ల దగ్గర ఎవరు కూర్చోవచ్చు? పొయ్యి దగ్గర ఎవరు నిలబడవచ్చు? గిన్నెలు తోమేది ఎవరు, వాళ్లకు కూలి ఎంత? అడవి నుంచో సముద్రం నుంచో వచ్చిన సరుకు మీద లాభం ఎవరిది? మొదటి ప్రశ్నకు చట్టం 1955లోనే జవాబు చెప్పింది. చివరి ప్రశ్న మీద గొడవ ఇంకా తేలలేదు.

హోటల్ వంట ఏ చేతుల్లో పుట్టింది

మన పట్టణాల్లో తొలి హోటళ్లంటే కాఫీ హోటళ్లు, భోజన హోటళ్లు. రైలు, కోర్టు, తాలూకా కచేరీ, హైస్కూలు వచ్చాక ఇంటి బయట తినక తప్పని మనుషులు పెరిగారు. ప్లీడర్లు, గుమాస్తాలు, చదువుకునే పిల్లలు, వ్యాజ్యాల కోసం వచ్చే రైతులు. నాటి కుల కట్టుబాటు ప్రకారం తనకంటే తక్కువ అనుకున్న కులం చేతి అన్నం ఎవరూ ముట్టరు. అన్ని కులాల డబ్బూ గల్లాపెట్టెలో పడాలంటే వంటవాడు బ్రాహ్మణుడు కావాలి. అందుకే తెలుగునాట ఊరూరా ‘బ్రాహ్మణ భోజన హోటల్’ అనే బోర్డు వెలిసింది. తినేవాడికి అది వంట గురించి కంటే వంటవాడి కులం గురించి ఇచ్చిన హామీ.

అదే కాలంలో ఉడిపి నుంచి, తమిళ ప్రాంతాల నుంచి వంటవాళ్లు వలస వచ్చారు. వాళ్లతో ఇడ్లీ, దోసె, సాంబారు, ఫిల్టర్ కాఫీ హోటల్ వంటగా స్థిరపడ్డాయి. ఉత్తరాంధ్ర ఇళ్లలో పప్పుచారు, బెల్లం వేసిన పులుసు కాస్తే, హోటల్లో మాత్రం సాంబారే. ఆ తేడా నేటికీ పోలేదు.

దీని ఫలితం మెనూ మీద పడింది. బ్రాహ్మణ వంటింట్లో లేనిది ఏదీ హోటల్ వంట కాలేదు. మాంసం కోసం మిలటరీ హోటళ్లు వేరుగా వచ్చినా వాటిలోనూ మేక, కోడి, పచ్చి చేపకే చోటు. ఎండు చేప, పంది మాంసం, చోడి సంకటి వాడలకూ పల్లెలకూ పరిమితమైపోయాయి.

ఎండు చేప విషయంలో హోటల్ యజమానులు చెప్పే సాంకేతిక కారణం ఒకటుంది. దాన్ని కొట్టిపారేయకుండా చూడాలి. ఎండు నెత్తళ్లను ముందు తల తుంచి, నూనె లేకుండా సన్నని సెగ మీద వేయించాలి. తర్వాత వేడి నీళ్లలో రెండుసార్లు కడిగితే ఇసుక, అదనపు ఉప్పు పోతాయి. వంకాయ పులుసు ముప్పావు వంతు ఉడికాక నెత్తళ్లు వేసి, ఇక గరిటె పెట్టకుండా గిన్నె పట్టుకుని తిప్పాలి. ముందే వేస్తే చేప విరిగి ముళ్లు పులుసంతా పరుచుకుంటాయి. కడగడం తగ్గితే ఉప్పు కషాయమవుతుంది. వీటిలో ఏదీ హోటల్ మాస్టర్‌కు కష్టం కాదు. చిక్కు వేయించేటప్పుడు వచ్చే వాసనతోనే. వంటగదికి సరైన ఎగ్జాస్ట్ లేకపోతే అది హాలంతా కమ్ముకుంటుంది, పక్క బల్ల మీద టిఫిన్ తినే మనిషి లేచిపోతాడని యజమాని భయం.

ఆ భయం అబద్ధం కాదు. కానీ ఇంగువ, వెల్లుల్లి, మాడు మిరప ఘాటు కూడా హాలంతా కమ్ముకునేవే, వాటికి ఎవరూ లేచిపోవడం లేదు. ఏ వాసన కంపు, ఏది ఘుమఘుమ అన్నది ముక్కు ఒక్కటే తేల్చదు. ఆ వాసన ఏ వాడ నుంచి వస్తుందన్నది కూడా తేలుస్తుంది. ‘నాన్‌వెజ్ వండేవాళ్లకు ఇల్లు ఇవ్వబడదు’ అనే టులెట్ బోర్డు వెనక కూడా ఇదే ఉంది. ఆ బోర్డులు చాలాసార్లు కులం అడగకుండా కులం వడకట్టే పద్ధతి.

రెండు గ్లాసుల నుంచి పేపర్ గ్లాసు దాకా

రాజ్యాంగం 17వ అధికరణ అంటరానితనాన్ని రద్దు చేసింది. 15వ అధికరణ రెండో క్లాజు దుకాణాలు, హోటళ్లలో కులం పేరుతో ఎవరినీ అడ్డుకోకూడదంది. దీనికి శిక్షలు పెట్టింది 1955 నాటి చట్టం. 1976 నుంచి దాని పేరు పౌర హక్కుల రక్షణ చట్టం. అందులో నాలుగో సెక్షన్ హోటల్లోకి రానివ్వకపోవడాన్నే కాకుండా, అందరి కోసం ఉంచిన గిన్నెలు, పాత్రలు వాడనివ్వకపోవడాన్ని కూడా నేరమంది. శిక్ష నెల నుంచి ఆరు నెలల జైలు, 100 నుంచి 500 రూపాయల జరిమానా. దళితులకు వేరే గ్లాసు, అది వాళ్లే కడిగి చూరులో పెట్టాలి అనే రెండు గ్లాసుల పద్ధతి సరిగ్గా దీని కిందికే వస్తుంది. అయినా చట్టం వచ్చిన ఎన్నో దశాబ్దాల తర్వాత కూడా ఊళ్లలో ఆ పద్ధతి నడిచింది. శ్రీకాకుళం జిల్లాకు చెందిన జస్టిస్ కొత్తపల్లి పున్నయ్య నేతృత్వంలోని కమిషన్ ఈ శతాబ్దం మొదట్లో రాష్ట్రమంతా తిరిగి అంటరానితనం మీద విచారించాల్సి వచ్చిందంటే కారణం అదే.

తర్వాత టీ కొట్లలో పేపర్ గ్లాసులు వచ్చాయి. గ్లాసు అందరికీ ఒకటే, తాగి పారేస్తారు, కాబట్టి గొడవ దానంతటదే సమసిపోయిందని కొందరి మాట. గొడవ కంటికి కనిపించకుండా పోయిందే తప్ప తీరలేదని మరికొందరి మాట. ఒక ఉదాహరణతో చూద్దాం. ఒక కొట్టులో అందరికీ పేపర్ గ్లాసే. ఇక్కడ నేరం లేదు. పక్క కొట్టులో గాజు గ్లాసులున్నాయి, ఎవరు అడిగినా అదే ఇస్తారు. ఇక్కడా లేదు. మూడో కొట్టులో గాజు గ్లాసులున్నా, ఫలానా పేట నుంచి వచ్చినవాళ్లకు మాత్రం అడగకుండానే పేపర్ గ్లాసు చేతిలో పెడతారు. గ్లాసు కొత్తదే, శుభ్రమైనదే, టీ కూడా అదే. కానీ చట్టం చూసేది గ్లాసును కాదు, తేడాను. మూడో కొట్టులో జరిగింది పాత రెండు గ్లాసుల పద్ధతే. కోర్టులో రుజువు చేయడం మాత్రం పాతదాని కంటే కష్టం, ఎందుకంటే చూరులో గ్లాసు సాక్ష్యంగా మిగలదు.

కర్రీ పాయింట్‌ను కూడా ఈ కోణంలో చూడాలి. గదిలో అన్నం వండుకుని కూర మాత్రం కొనుక్కునే పద్ధతి పట్టణాలకు వచ్చిన విద్యార్థులు, చిరుద్యోగులు, కూలీల వల్ల పెరిగింది. రెండు పొయ్యిలు, కవర్లు, ఒక చిన్న గది ఉంటే చాలు. బల్లలు అక్కర్లేదు, సప్లయర్ అక్కర్లేదు. అందుకే తక్కువ పెట్టుబడితో ఎందరో ఆడవాళ్లు ఈ వ్యాపారంలోకి రాగలిగారు. ఇంటి ఓనరు చేపలు వండొద్దంటే చేపల పులుసు కవర్లో కట్టించుకుని తెచ్చుకుంటారు. పక్కపక్కన కూర్చోవడం అనే ప్రశ్నే పార్శిల్‌లో రాదు. అది సౌకర్యం. కలిసి కూర్చుని తినే అలవాటు బలపడకుండా పక్కదారి చూపిందన్నదీ నిజమే.

వెళ్లినవాళ్ల కుండ

ఇక్కడి వలస కొత్తది కాదు. పాత గంజాం, విశాఖ, గోదావరి జిల్లాల నుంచి వేలమంది రంగూన్ రేవులోనూ బియ్యం మిల్లుల్లోనూ పనిచేశారు. మేస్త్రీ బయానా ఇచ్చి మనుషులను కూడగట్టుకుని తీసుకెళ్లేవాడు. బస, తిండి కూడా చాలాసార్లు అతని చేతిలోనే, ఆ ఖర్చు కూలిలో కోత. 1930 మే నెలలో రంగూన్ రేవులో తెలుగు కూలీల మీద దాడులు జరిగాయి, 1942లో జపాన్ సేనలు వచ్చినప్పుడు లెక్కలేనంత మంది కాలినడకన వెనక్కి బయల్దేరారు. 1960ల్లో బర్మా ప్రభుత్వం వ్యాపారాలను జాతీయం చేశాక మరో విడత తిరిగి వచ్చింది. విశాఖ కంచరపాలెంలో బర్మా క్యాంపు అలా ఏర్పడిందే. చెన్నైలో బర్మా నుంచి వచ్చిన తమిళులు అమ్మే ‘అథో’ బాగా తెలిసిన ఉదాహరణ. ఉడికించిన నూడుల్స్‌లో వేయించిన ఉల్లి, వెల్లుల్లి నూనె, చింతపండు నీళ్లు, క్యాబేజీ వేసి చేత్తో కలుపుతారు. పెట్టుబడి పోయి తిరిగొచ్చినవాళ్లకు తోపుడు బండి ఒక్కటే అందుబాటులో ఉన్న హోటల్.

వెరావల్ వలస ఇంకో రకం. శ్రీకాకుళం జిల్లా తీరం పొడవు సుమారు 193 కిలోమీటర్లు. పెద్ద బోట్లు నిలిపే రేవులు లేకపోవడంతో మర పడవల పని కోసం ఇక్కడి మనిషి అంత దూరం వెళ్తాడు. తూర్పు తీరంలో వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జులై 31 దాకా. అందుకే ప్రయాణం ఆగస్టు చుట్టూ మొదలవుతుంది. బోటు మీద వారాల తరబడి వంట తమ మనుషులదే. బియ్యం, ఉల్లి, చింతపండు, కారం ఒడ్డు నుంచి ఎక్కించుకుంటారు, చేప వలలోదే. 2018 నవంబరులో అలా వేటకు వెళ్లిన శ్రీకాకుళం, విజయనగరం మత్స్యకారులను పాకిస్తాన్ పట్టుకుంది. 20 మంది 2020 జనవరిలో వాఘా మీదుగా తిరిగొచ్చారు. వాళ్లు పట్టిన చేప ఎగుమతై ఎక్కడెక్కడి రెస్టారెంట్లకో వెళ్తుంది. తమ తీరంలో చేపల హోటల్ పెట్టేంత పెట్టుబడి ఆ కూలిలోంచి మిగలడం అరుదు.

శ్రీకాకుళం జిల్లా తీరంలోని తోటల ప్రాంతం ఉద్దానంలో వలసకు గాలివానలు కూడా కారణం. 2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటినప్పుడు కొబ్బరి, జీడి, పనస తోటలు నేలకొరిగాయి. కొత్తగా నాటిన జీడి కాపుకు మూడు నాలుగేళ్లు, దేశవాళీ కొబ్బరికి ఆరేడేళ్లు పడుతుంది. ఆ మధ్య కాలం గడవాలంటే ఊరు కదలక తప్పదు. పనసపొట్టు కూరకు అసలు సరుకు ఈ తోటలదే. లేత కాయను చేతికి నూనె రాసుకుని చెక్కి, పొట్టులా కొట్టి, పసుపు, ఉప్పు వేసి ఉడికించి, నీళ్లు పిండేసి, చింతపండు రసంతో మగ్గించాలి. ఆవ ముద్ద పొయ్యి ఆర్పి, కూర చల్లారాకే కలపాలి. వేడి మీద కలిపితే ఘాటు పోయి చేదు మిగులుతుంది. అసలు ఖర్చు పొట్టు కొట్టే చేతిపనిది. ఆ చేతులు ఊరు వదిలి వెళ్తే మెనూలోంచి కూర కూడా వెళ్లిపోతుంది.

ఊరు వదిలినవాళ్ల రేషన్ సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. ఆహార భద్రత చట్టం కింద మనిషికి నెలకు 5 కిలోలు. నలుగురున్న కుటుంబానికి 20. ఇద్దరు హైదరాబాద్ వెళ్తే, ‘ఒకే దేశం ఒకే రేషన్ కార్డు’ కింద వాళ్ల 10 కిలోలు అక్కడ, మిగతా 10 ఊళ్లో తీసుకోవచ్చు. ఆధార్ అనుసంధానం ఉండాలి, వేలిముద్ర పడాలి. ఇది కేంద్ర చట్టం పరిధిలోని కార్డులకే. రాష్ట్రం సొంత ఖర్చుతో ఇచ్చిన కార్డులు సరిహద్దు దాటవు. ఊళ్లో రెండు ఇళ్లకూ ఒకేలాంటి బియ్యం అందుతున్నా, వలస వెళ్లాక ఒకరికి అంది మరొకరికి అందకపోవడానికి కారణం ఇదే.

చోడి అంబలి: కూలి తిండి, ఆరోగ్య తిండి

ఈ ప్రాంతంలో రాగులను చోళ్లంటారు. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో రెండు రూపాయల బియ్యం ఇచ్చేదాకా చాలా పేద ఇళ్లలో రోజూ కడుపు నింపింది చోళ్లు, గంటెలు (సజ్జలు), సామలే. వరి అన్నం పండగనాటి తిండి. చవక బియ్యం ఆకలిని తీర్చింది, అందులో సందేహం అక్కర్లేదు. దాంతోపాటు అన్నం తినడం ఎదిగినట్టు, అంబలి తాగడం వెనకబడినట్టు అన్న లెక్క కూడా గట్టిపడింది.

నలుగురికి అంబలి కాయాలంటే 100 గ్రాముల చోడి పిండిని అర లీటరు నీళ్లలో ఉండలు లేకుండా కలిపి రాత్రంతా మూతపెట్టి ఉంచాలి. పొద్దున్న లీటరున్నర నీళ్లలో 100 గ్రాముల నూకలు మెత్తగా ఉడికించి, పులిసిన పిండిని సన్నని ధారగా పోస్తూ కలపాలి. పది నిమిషాలు అడుగంటకుండా తిప్పితే రంగు ముదిరి, పచ్చి వాసన పోతుంది. చల్లారాక ఉప్పు, మజ్జిగ, ఉల్లి ముక్కలు. పొడి పిండిని నేరుగా మరిగే నీళ్లలో పోస్తే పైన ఉడికి లోపల పచ్చిగా ఉండే ఉండలు కడతాయి. ఏప్రిల్, మే ఎండల్లో పిండిని ఎనిమిది గంటలకు మించి ఉంచితే పులుపు మితిమీరి, మజ్జిగ పోసినా దిగదు.

ఇప్పుడు ధర లెక్క. ఇవి కేవలం లెక్క కోసం అనుకున్న అంకెలు. బండి మీద గ్లాసు 15 రూపాయలు, సరుకు 6 రూపాయలు, గ్లాసు, ఐసు, తోపుడు ఖర్చు 2. మిగిలిన 7 రూపాయలు కాసిన మనిషి కూలి. ఏసీ హోటల్లో అదే 90 రూపాయలు. సరుకు 6 రూపాయలే, అద్దె, కరెంటు, జీతాలు, అలంకరణ కలిపి 55 వేద్దాం. దగ్గర దగ్గర 30 రూపాయలు యజమానికి. చోళ్లు పండించిన రైతుకు రెండు చోట్లా వచ్చేది ఒకటే.

2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించాక ఈ వ్యాపారానికి ఊపు వచ్చింది. హోటల్లోకి ఎక్కడం వల్ల అంబలికి గౌరవం వచ్చిందని, సిగ్గుపడి మానేసిన ఇళ్లు మళ్లీ కాస్తున్నాయని సంతోషించేవాళ్లున్నారు. ఆ మాటలో బలముంది. ఆ గౌరవం తిండికి దక్కింది గానీ దాన్ని నిలబెట్టినవాళ్లకు దక్కలేదనే వాళ్ల మాటకు పై లెక్కే ఆధారం. నా మటుకు నేను బండి ఎక్కడ నిలుస్తుందన్నది అసలు పరీక్ష అనుకుంటాను. 2014 నాటి వీధి వ్యాపారుల చట్టం ప్రకారం వీధి వ్యాపారానికి చోటు తేల్చే పట్టణ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు ఎన్నిక ద్వారా ఉండాలి, వాళ్లలో మూడో వంతు ఆడవాళ్లు. సర్వే పూర్తయ్యేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదు. కమిటీ సరిగ్గా కూర్చునే ఊళ్లో అంబలి బండి బస్ కాంప్లెక్స్ గేటు దగ్గర నిలుస్తుంది. కూర్చోని ఊళ్లో ట్రాఫిక్ పేరుతో వారానికోసారి కదులుతుంది.

వచ్చిన మాస్టర్లు, వాళ్ల చట్టం

ఫాస్ట్‌ఫుడ్ సెంటర్లలో పెద్ద మంట మీద మూకుడు ఎగరేసే మాస్టర్లలో ఒడిశా, బెంగాల్, ఈశాన్య రాష్ట్రాలు, నేపాల్ వాళ్లు చాలామంది. వాళ్ల ఫ్రైడ్ రైస్ ఇక్కడికి వచ్చి మారింది. పచ్చిమిర్చి, కరివేపాకు, గరం మసాలా అందులో చేరాయి, చైనాకూ దానికీ ఇప్పుడు సంబంధం సోయా సాస్ వరకే. మన సోనామసూరి కొత్త బియ్యమైతే మూకుట్లో ముద్దవుతుంది. అందుకే మాస్టర్ పాత బియ్యం అడుగుతాడు, పలుకు ఉండగానే వార్చి, ట్రే మీద పరిచి ఆరబెడతాడు. తప్పు జరిగేది ఆ తర్వాత. వార్చిన అన్నాన్ని సాయంత్రం దాకా బయటే ఉంచితే అందులో బ్యాక్టీరియా పెరిగి విషం చేరుతుంది. మళ్లీ వేయించినా ఆ విషం పోదు. ఆవిరి తగ్గగానే ఫ్రిజ్‌లో పెట్టాలి. వాంతులయ్యాక నింద ‘ఆ నేపాలీ మాస్టర్’ మీద పడుతుంది, ఫ్రిజ్ కొనని యజమాని మీద పడదు.

వంటగదిలో మెట్లుంటాయి: క్లీనర్, కటింగ్, హెల్పర్, మాస్టర్. శ్రీకాకుళం కుర్రాడు హైదరాబాద్‌లో ఇదే నిచ్చెన ఎక్కుతున్న సమయానికి, శ్రీకాకుళం నిచ్చెన మీద ఒడిశా కుర్రాడు ఎక్కుతుంటాడు. జీతం తేడా ఇద్దరినీ కదిలించింది. గిన్నెలు తోమే ఆడవాళ్లు మాత్రం ఎక్కువగా స్థానికులు, వాళ్లకు పై మెట్టు ఉండదు.

చట్టంలో చిక్కు ఇక్కడుంది. 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం అయిదుగురు లేదా ఎక్కువ మంది వలస కార్మికులున్న సంస్థలకు వర్తించేది. కాంట్రాక్టర్ తెచ్చినవాళ్లనే లెక్కలోకి తీసుకునేది. దాని స్థానంలో వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చింది. ఇందులో సొంతంగా వచ్చినవాళ్లు కూడా లెక్కలోకి వస్తారు, నెల జీతం 18,000 దాటకూడదు. అయితే వలస కార్మికుల భాగం పది మంది నుంచే వర్తిస్తుంది. ఒక హోటల్లో ఎనిమిది మంది ఒడిశా కార్మికులున్నారనుకుందాం. వాళ్లను ఒక ఏజెంటు తెచ్చి ఉంటే పాత చట్టం కింద రక్షణ ఉండేది, ఇప్పుడు ఆ భాగం వర్తించదు. పన్నెండు మంది ఎవరికి వాళ్లే రైలెక్కి వచ్చి ఉంటే పాత చట్టంలో చోటు లేదు, ఇప్పుడు ఉంది, ఊరికి వెళ్లి వచ్చే ప్రయాణ భత్యంతో సహా. పరిధి పెరిగిందనేవారూ, చిన్న హోటళ్లు తప్పించుకున్నాయనేవారూ ఇద్దరూ చట్టంలో ఉన్నదే చెబుతున్నారు. మన ఊళ్లలో హోటళ్లు ఎక్కువగా చిన్నవి కాబట్టి రెండోవారి ఆందోళన ఇక్కడ బరువైనది.

ఇంకో వింత కూడా ఉంది. శ్రీకాకుళం నుంచి హైదరాబాద్ హోటల్‌కు వెళ్లిన హెల్పర్ 2014 జూన్ 2న రాష్ట్రం విడిపోవడంతో అంతర్రాష్ట్ర వలస కార్మికుడయ్యాడు. అదే పనికి విజయవాడ వెళ్లినవాడు ఎంత దూరం వెళ్లినా ఈ నిర్వచనంలోకి రాడు.

చింతపండు, అడ్డాకు, బొంగు

హోటల్ సాంబారులోని చింతపండుకు ఈ కొండల్లో చాలా చరిత్ర ఉంది. సవర, జాతాపు గిరిజనులు సేకరించిన చింతపండుకు, విస్తళ్లు కుట్టే అడ్డాకులకు షావుకార్లు నామమాత్రపు ధర కట్టడం, అప్పులు, భూములు పోవడం కలిసే శ్రీకాకుళ గిరిజన పోరాటానికి దారితీశాయి. 1967 అక్టోబరు 31న లేవిడి దగ్గర గిరిజనులు కోరన్న, మంగన్నల హత్యతో అది మండింది. షావుకారు పట్టు తప్పించడానికే 1956లో గిరిజన సహకార సంస్థ ఏర్పడింది. నూరు కిలోల చింతకాయ కొడితే గుజ్జు 55 కిలోల చుట్టూ వస్తుంది, మిగతాది గింజ, పెంకు, ఈనె. కాయగా అమ్మితే ఒక ధర, గింజ తీసి అమ్మితే మరో ధర. ఆ గింజ తీసే పని ఊళ్లోనే జరిగితే కూలి ఊళ్లోనే నిలుస్తుంది.

అడ్డాకు విస్తరికి 2022 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన ప్లాస్టిక్ పళ్లేల నిషేధం కలిసి రావాలి. పోటీకి పూత పూసిన పేపర్ ప్లేటు వచ్చింది. ఎండిన విస్తరిని వాడే ముందు నీళ్లు చిలకరించకపోతే పగిలి పులుసు కారుతుంది. ఆ ఒక్క పని చేయించలేక చాలా హోటళ్లు పేపర్ ప్లేటుకే మొగ్గుతాయి.

ఇక బొంగు చికెన్. పచ్చి వెదురు, ఒక వైపు కణుపు మూసి ఉన్నది కావాలి. మసాలా పట్టించిన కోడి ముక్కలు నూనె, నీళ్లు లేకుండా కూరి, ఆకులతో మూతి బిగించి, నిప్పుల మీద తిప్పుతూ అరగంట నుంచి ముప్పావుగంట కాలుస్తారు. వెదురులోని తేమే ఆవిరి. ఎండు బొంగైతే కాలిపోయి చీలుతుంది, నిండా కూరితే మధ్య ముక్క ఉడకదు. పట్నం హోటళ్లలో గ్యాసు మీద వండిన చికెన్‌ను బొంగులో పోసి పెట్టడం కూడా ఉంది. రూపం అదే, వంట వేరు.

ఇది ఆదివాసీల వంటను దోచుకోవడమా? వంటకు హద్దులు గీయలేం, గీస్తే బిర్యానీ కూడా మనది కాదు అనేది ఒక వాదన. అది సబబే. వండినవాళ్ల పేరు తీసి, వాళ్ల అడవి బొమ్మను గోడకు పెట్టుకుని అమ్మడం మీదే అభ్యంతరం అనేది ఇంకో వాదన. నాకు రెండోదే న్యాయంగా కనిపిస్తుంది. ఎందుకంటే ఇక్కడ తేడా చూపించే చట్టాలున్నాయి. 2006 అటవీ హక్కుల చట్టం వెదురును చిన్న తరహా అటవీ ఉత్పత్తిగా గుర్తించి దాని మీద హక్కు ఆదివాసీలకు ఇచ్చింది. 1970 నాటి భూబదలాయింపు నిబంధన (1/70) షెడ్యూల్డు ప్రాంతంలో గిరిజనేతరులు భూమి కొనకుండా ఆపుతుంది. అందువల్ల సీతంపేట, గుమ్మలక్ష్మీపురం వైపు షెడ్యూల్డు ఊళ్లలో రోడ్డు పక్క బొంగు చికెన్ పాక చట్టప్రకారం ఆదివాసీ చేతిలోనే ఉండే అవకాశం ఎక్కువ. విశాఖలోనో విజయనగరంలోనో అదే వంట పెట్టినప్పుడు ఆ చట్టాలు వెంట రావు. బొంగు ఎవరి దగ్గర కొన్నారు, ఎంతకు కొన్నారు, వండే మనిషి ఎవరు అన్న మూడు జవాబులే మిగులుతాయి.

రోజూ నడిచే పెద్ద వంటగది

పనిదినాల్లో ఈ జిల్లాల్లో ఎక్కువమందికి ఒకే పూట భోజనం పెట్టేది ఏ హోటలూ కాదు, ప్రభుత్వ బడులు. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు వండిన భోజనమే పెట్టాలంది. 2004 ఏప్రిల్ 20న ఇంకో అడుగు వేసి, వంటవాళ్లు, సహాయకుల నియామకంలో దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యం ఇవ్వాలంది. బ్రాహ్మణ భోజన హోటల్ బోర్డు నాటి తర్కాన్ని ఈ ఆదేశం తలకిందులు చేసింది. అన్ని కులాల పిల్లలూ తినే అన్నం దళిత స్త్రీ వండవచ్చు, వండాలి. దేశంలో కొన్ని చోట్ల తల్లిదండ్రులు పిల్లలను తిననివ్వని సంఘటనలు జరిగాయి. చాలా చోట్ల మాత్రం కొన్నాళ్లు తిన్నాక పిల్లలకు అది మామూలు సంగతైపోయింది. కాఫీ హోటల్ వందేళ్లలో చేయలేని పని ఇది.

కూలి ప్రశ్న మాత్రం ఇక్కడే అన్నిటికంటే తీవ్రంగా ఉంది. వంటమనిషికి 2019 నుంచి రాష్ట్రంలో ఇస్తున్నది నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం. జీతం అనరు, కాబట్టి కనీస వేతనం వర్తించదని అధికారుల జవాబు. బియ్యం, గుడ్లు, చిక్కీ ప్రభుత్వం పంపుతుంది. కూరగాయలు, తాలింపు దినుసులు వంట చేసే ఆడవాళ్లే అప్పు పెట్టి తెచ్చి, బిల్లు పడ్డాక తీర్చుకుంటారు. బిల్లు నెలలు ఆలస్యమైతే ముందు తగ్గేది పప్పులో పప్పు, ఆ తర్వాత కూరలో కూరగాయ.